మాత్ర ఉచితమే, మరి ఆఖరి గూడెం దాకా ఎందుకు పోలేదు?



పోస్టు కొంచెం పొడుగుంది. ఓపిక చేసుకుని చివరి దాకా చదవండి. తిట్టాలనుకుంటే చదివినంక తిట్టండి.

పోయిన వారం మన గ్రూపులో ఫైలేరియా మాత్రల మీద పెద్ద గొడవ నడిచింది. ఒక అన్న రాసిండు: "మనోళ్ళకు గవర్నమెంటు ఫ్రీగా మందులిచ్చినా మింగరు. మూఢనమ్మకాలు. అందుకే మన గూడేలకు రోగాలు పోవు." దానికి ఒక తమ్ముడు జవాబు పెట్టిండు: "ఆ మాత్రలు ఎవ్వరూ మింగొద్దు. పిల్లలు పుట్టకుండ చేసే కుట్ర." కింద రెండు వైపులా లైకులు, జిందాబాద్‌లు.

మేం హాస్టల్ల ఉండేటోళ్ళం రాత్రి కూర్చొని రెండూ మళ్ళీ మళ్ళీ చదివినం. మాకైతే రెండు మాటలూ తప్పే అనిపించినయ్. పైకి ఒకదానికొకటి ఉల్టా ఉన్నట్టుంటయ్ గాని, లోపల రెండూ ఒక్కటే. ఒకటి మనల్ని తెలివిలేనోళ్ళు అంటది, ఇంకోటి మనల్ని తెలివిలేనోళ్ళుగానే ఉంచుతది. ఎందుకు తప్పో చెప్పాలంటే మన దేశంలో లేని ఒక రోగం గురించి చెప్పాలె. ఆ రోగానికి వాడే మందు మాత్రం మన దాకా వచ్చింది. అదెట్లనో కూడా చెప్తం.

ఆ రోగం పేరు రివర్ బ్లైండ్‌నెస్. ఏటి గుడ్డితనం అనుకోండి. దారం లాంటి పురుగు ఒకటి మనిషి ఒంట్లో చేరుతది. దాన్ని మోసుకొచ్చేది ఒక చిన్న నల్ల ఈగ. జోరుగా పారే వాగులు, ఏళ్ళల్లోనే ఆ ఈగ గుడ్లు పెడుతది. పగటి పూట కుడుతది. అంటే నీళ్ళకు పోయినోళ్ళను, చేపలు పట్టేటోళ్ళను, ఏటి ఒడ్డున చేను చేసేటోళ్ళను కుడుతది. పెద్ద పురుగులు చర్మం కింద కంతుల్లో పది పదిహేనేండ్లు బతుకుతయ్. ఆడ పురుగు రోజూ వందల కొద్దీ పిల్లల్ని పెడుతూనే ఉంటది. ఆ పిల్ల పురుగులు ఒళ్ళంతా తిరిగి, చర్మంలో చస్తే దురద, కంట్లో చస్తే వాపు. ఏండ్ల తరబడి గోకి గోకి చర్మం ఏనుగు తోలు లెక్క మొద్దుబారుతది, కాళ్ళ మీద చిరుతపులి మచ్చల లెక్క రంగు పోతది. ఆఖరికి చూపు పోతది. పోయిన చూపు మళ్ళీ రాదు.

ఈ రోగం ఉన్నోళ్ళల్ల నూటికి తొంభైతొమ్మిది మందికి పైగా ఆఫ్రికాలోనే ఉన్నరు. పశ్చిమ ఆఫ్రికాలో వోల్టా నది చుట్టుపక్కల కొన్ని ఊళ్ళల్ల ఒకప్పుడు పదిమందికి ఒకరు గుడ్డివాళ్ళు. జనం మంచి నేలలు వదిలేసి, ఏటికి దూరంగా గుట్టల మీదికి పోయిన్రు. గుడ్డి ముసలాయన కట్టెకు ఒక కొస, ముందు నడిచే పిల్లగాడు ఇంకో కొస పట్టుకున్న బొమ్మ ఒకటుంది. ఆ పిల్లగాడికి బడి లేదు, వాని పని తాతను నడిపించుడే. ఆ బొమ్మను వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు ఆఫీసులో పెట్టిన్రు, జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర కూడా పెట్టిన్రు. బొమ్మ ఎక్కడికో పోయింది. పిల్లగాడు మాత్రం చాన్నాళ్ళు అక్కడే ఉండిపోయిండు.

ఇప్పుడు మందు సంగతి. జపాన్‌లో సతోషి ఒమురా అనే శాస్త్రవేత్త మట్టి నమూనాలు ఏరుకొచ్చి, అందులోని సూక్ష్మజీవులను పెంచి చూసేవాడు. అట్ల దొరికిన ఒకదాన్ని అమెరికాలో మెర్క్ కంపెనీలో పనిచేసే విలియం క్యాంప్‌బెల్ బృందానికి పంపిండు. దాని నుంచి తయారైందే ఐవర్‌మెక్టిన్. ఈ ఇద్దరికీ 2015 లో నోబెల్ బహుమతి వచ్చింది. 1981 లో అది మొదలు పశువుల మందుగా మార్కెట్లకొచ్చింది. ఆవులకు, గుర్రాలకు, గొర్రెలకు. అదే ఏడు సెనెగల్‌లో మనుషుల మీద పరీక్షలు మొదలైనయ్. 1987 లో కంపెనీ ప్రకటించింది: ఈ రోగం ఉన్నోళ్ళకు ఎంత కావాలంటే అంత, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉచితంగా ఇస్తం అని. ఇచ్చిన్రు కూడా, ఇప్పటికీ ఇస్తున్నరు. దాన్ని మేం కాదనం.

కాని ఆలోచించండి. 1987 అంటే మనం పుట్టక చాలా ముందు. మందు ఉంది, అది ఉచితం. మింగుడు సులువు, ఏడాదికి ఒక్కసారి మింగితే చాలు. అయినా ముప్పై ఏండ్లు దాటినా రోగం పోలేదంటే, లోపం మందులో ఉందా, మనుషుల బుర్రలో ఉందా, లేకపోతే మందుకూ మనిషికీ మధ్యలో ఉన్న దారిలో ఉందా? దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటరు కదా. మేం చెప్పేది ఆ మధ్య దారి గురించే.

మొదట మందు ఏం చేస్తదో తెలుసుకోవాలె. ఐవర్‌మెక్టిన్ పెద్ద పురుగుల్ని చంపదు. పిల్ల పురుగుల్ని చంపుతది, పెద్ద పురుగు కొన్ని నెలలు పిల్లల్ని పెట్టకుండ చేస్తది. తర్వాత అది మళ్ళీ మొదలుపెడుతది. అందుకే ఒక్కసారి మింగితే కాదు, పెద్ద పురుగు ముసలిదై చచ్చేదాకా ఏడాదికి ఒకటో రెండో సార్లు, పది పదిహేనేండ్లు మింగుతూ ఉండాలె. ఊళ్ళో ఎక్కువమంది మింగాలె, లేకపోతే మింగనోళ్ళ ఒంట్ల నుంచి ఈగ మళ్ళీ మోసుకొస్తది. డాక్సీసైక్లిన్ అనే ఇంకో మందుంది. అది పురుగు కడుపులో బతికే బ్యాక్టీరియాను చంపి ఆడ పురుగును గొడ్రాలిని చేస్తది. కాని నాలుగు నుంచి ఆరు వారాలు రోజూ మింగాలె, చిన్నపిల్లలకు, గర్భిణులకు ఇయ్యొద్దు. ఊరు మొత్తానికి అట్ల ఇచ్చుడు కష్టం. మాక్సిడెక్టిన్ అని కొత్త మందుకు 2018 లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది పిల్ల పురుగుల్ని ఇంకా ఎక్కువ కాలం అణచి ఉంచుతది గాని, అది కూడా పెద్ద పురుగును చంపదు.

అంటే ఈ రోగానికి వైద్యం ఒక్కరోజు పని కాదు. పదిహేనేండ్లు ఊరితో నమ్మకం నిలుపుకునే పని.

ఆ నమ్మకం ఎట్ల వచ్చిందో చూడండి. మొదట్లో బయటి నుంచి జీపుల్ల టీములు వచ్చి పంచి పోయేవి. రోడ్డు ఉన్న ఊళ్ళే అయ్యేవి, ఖర్చు ఎక్కువ. 1995 లో ఆఫ్రికాలో కొత్త కార్యక్రమం మొదలైంది. రెండేండ్లకు పద్ధతి మార్చిన్రు. మందు ఎప్పుడు పంచాలో ఊరే తీర్మానం చేసుకోవాలె. ఎవరు పంచాలో ఊరే ఎన్నుకోవాలె. చదువు రానోళ్ళు కూడా పంచేటట్టు ఒక కొలత కట్టె తయారు చేసిన్రు. మనిషిని దాని పక్కన నిలబెడితే ఎత్తును బట్టి ఒకటా, రెండా, మూడా, నాలుగా అని తెలుస్తది. 90 సెంటీమీటర్ల కన్నా పొట్టిగున్న పిల్లలకు ఇయ్యరు. గర్భిణులకు, ప్రసవమై వారం దాటని తల్లులకు, బాగా జబ్బుతో ఉన్నోళ్ళకు ఇయ్యరు. త్రాసు లేదు, డాక్టరు లేడు. కట్టె, మాత్రల డబ్బా, ఊరి మనిషి, అంతే. కోట్ల మంది అట్లనే మింగిన్రు.

ఉగాండాలో ఇంకో అడుగు ముందుకు వేసిన్రు. ఊరు అంటే ఒక్కటి కాదు, అందులో వంశాలు ఉంటయ్ అని గుర్తించి, ఏ వంశం వాళ్ళకు ఆ వంశం మనిషే పంచేటట్టు చేసిన్రు. మన గట్టు, మన సగ లాంటిదే అనుకోండి. అట్ల చేసిన చోట ఎక్కువమంది మింగిన్రు, పంచే మనిషికి దూరం తగ్గింది, ఆడవాళ్ళు కూడా పంచడానికి ముందుకొచ్చిన్రు. మన పెద్దలు పెండ్లికి, చావుకు, పండుగకు వాడే కట్టుబాటునే అక్కడ వైద్యానికి వాడిన్రు. మనకేమో ఆ కట్టుబాటునే వెనుకబాటుతనం అని పాఠాల్ల చెప్తున్నరు.

ఇప్పుడు "మనోళ్ళు మింగరు" అన్న అన్నకు జవాబు. అన్నా, ఆ ఆఫ్రికా ఊళ్ళల్ల చదువు మనకన్నా ఎక్కువేం లేదు. అయినా మింగిన్రు. ఎందుకంటే ఇచ్చింది వాళ్ళ మనిషి. ఇంకోటి, ఆ మాత్ర మింగినంక కడుపులో నులిపురుగులు పడ్డయి, పేలు పోయినయ్, రాత్రి దురద తగ్గి నిద్ర పట్టింది. కండ్లముందు ఫలితం కనిపించినంక జనమే వచ్చి అడిగిన్రు.

కుట్ర అన్న తమ్మునికి జవాబు ఇంకా జాగ్రత్తగా చెప్పాలె. ఎందుకంటే నీ భయం ఉత్తదని మేం అనం. భయానికి కారణాలున్నయ్. ఈ మందు మొదటిసారి మింగినప్పుడు పిల్ల పురుగులన్నీ ఒక్కసారి చస్తయ్. దాంతోటి జ్వరం, దురద, మొఖం వాపు, కండ్లు తిరుగుడు. రోగం ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ. ముందే చెప్తే "మందు పనిచేస్తున్నది" అనుకుంటరు. చెప్పకపోతే "విషం పెట్టిన్రు" అనుకుంటరు. ఒకే జ్వరం, రెండు అర్థాలు. తేడా ఒక్క మాట చెప్పుడులో ఉంది.

ఇంతకన్నా పెద్ద భయం కూడా నిజమే. మధ్య ఆఫ్రికా అడవుల్ల లోవా అనే ఇంకో పురుగు ఉంది. అదీ కుట్టే ఈగ తోటే వస్తది, కంటి తెల్లగుడ్డు మీద పాకుతూ కనిపిస్తది. ఆ పురుగు రక్తంలో చాలా ఎక్కువగా ఉన్న మనిషి ఐవర్‌మెక్టిన్ మింగితే మెదడు దెబ్బతిని కోమాలకు పోవచ్చు, చావచ్చు కూడా. కామెరూన్‌లో ఒకోలా అనే ప్రాంతంలో 1999 లో మాత్రలు పంచితే అట్లనే జరిగింది. పంపిణీ ఆపేసిన్రు. అక్కడి జనం ఆ తర్వాత మాత్రలంటే భయపడ్డరంటే మూఢత్వమా? కాదు, వాళ్ళు చావులు చూసిన్రు.

తర్వాత ఏం చేసిన్రో అదే మనకు పాఠం. జనాన్ని తిట్టలేదు, పోలీసుల్ని పెట్టలేదు. సెల్‌ఫోనుకు బిగించే చిన్న సూక్ష్మదర్శిని తయారు చేసిన్రు. వేలి నుంచి ఒక చుక్క రక్తం తీస్తే పురుగులెన్ని ఉన్నయో రెండు మూడు నిమిషాల్ల లెక్క చెప్తది. 2015 లో అదే ఒకోలాకు తిరిగి పోయి, పదహారు వేల మంది రక్తం చూసిన్రు. లోవా మరీ ఎక్కువున్నోళ్ళు నూటికి ఇద్దరు. వాళ్ళను పక్కనబెట్టి పదిహేను వేల పైచిలుకు మందికి మందిచ్చిన్రు. ఒక్కరికి కూడా మెదడు దెబ్బతినలేదు. భయానికి మందు తిట్టు కాదు, పరీక్ష. నిన్ను గౌరవించేటోడే ముందు నీ రక్తం చూసి, తర్వాత మాత్ర ఇస్తడు.

ఇక ఆదివాసీలుగా మనం అసలు తెలుసుకోవాల్సిన ముచ్చట. ఈ రోగం ఆఫ్రికాలోనే పుట్టింది. అక్కడి మనుషుల్ని బానిసలుగా ఓడల్ల పట్టుకపోయినప్పుడు వాళ్ళ ఒంట్లనే అమెరికా ఖండాలకు పోయింది. అక్కడ ఆరు దేశాల్ల పదమూడు చోట్ల పాతుకుంది. 1990ల నుంచి ఏడాదికి రెండుసార్లు మందిచ్చుకుంటూ పోయిన్రు. రోగం పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించిన మొదటి దేశం కొలంబియా, 2013 లో. తర్వాత ఈక్వడార్ 2014, మెక్సికో 2015, గ్వాటెమాలా 2016. 2025 జనవరిలో ఆఫ్రికాలో మొదటిదిగా నైజర్ కూడా చేరింది. అంటే పోగొట్టొచ్చు. ఇది ఉత్త ఆశ కాదు, అయిన పని.

మరి అమెరికా ఖండాల్ల ఇంకా ఎక్కడ మిగిలింది? బ్రెజిల్, వెనెజులా సరిహద్దు అడవుల్ల. యానోమామి అనే ఆదివాసీల నేల మీద. ఒక్క అక్కడే.

పట్నాలకు, తోటలకు దగ్గరున్న చోట పోయింది, అడవి బిడ్డల దగ్గర మిగిలింది. అడిగితే చెప్పే కారణాలు మనకు కొత్త కాదు: దూరం, రోడ్డు లేదు, హెలికాప్టర్ కావాలె, వాళ్ళు ఒక్కచోట ఉండరు, సరిహద్దు దాటి తిరుగుతరు. నిజమే, దూరమే. కాని అదే దూరం దాటి బంగారం తవ్వేటోళ్ళు వేల మంది ఎట్ల పోయిన్రు? వాళ్ళ విమానాలకు అడవిలో దిగే జాగలు ఎట్ల దొరికినయ్? వాళ్ళు పోయి ఏళ్ళల్ల పాదరసం కలిపిన్రు, మలేరియా పెంచిన్రు, వాళ్ళ దౌర్జన్యానికి ఆరోగ్య కేంద్రాలు మూతపడ్డయ్. 1992 లో బ్రెజిల్ ప్రభుత్వమే ఆ నేల యానోమామిలదని గుర్తించింది. కాగితం మీద నేల వాళ్ళదే. 2023 జనవరిలో అక్కడి పిల్లల ఆకలి, మలేరియా చూసి అదే ప్రభుత్వం ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. బంగారానికి దారి ఉంటది, మాత్రకు దారి ఉండదు. ఇది మనకు ఎవరన్నా విడమరిచి చెప్పాల్నా?

అక్కడ కూడా పని ముందుకు పోయింది ఎప్పుడంటే, యానోమామి యువకులకే శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలను చేసినప్పుడు. ఏ ఊరు ఎటు కదిలిందో, ఏ దారిల పోతే దొరుకుతరో వాళ్ళకే తెలుసు.

ఇక మన దగ్గరికి వద్దాం. ఏటి గుడ్డితనం మన దగ్గర లేదు. మనకు ఉన్నది బోదకాలు, దోమతోటి వచ్చే ఫైలేరియా. పురుగు వేరు గాని అదే కుటుంబం. మన దేశంలో 2004 నుంచి డీఈసీ మాత్రలు, తర్వాత దానితోపాటు ఆల్బెండజోల్ కూడా ఊరు మొత్తానికి పంచుతున్నరు. 2018 నుంచి కొన్ని జిల్లాల్ల దానికి ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి మూడు మందులు ఇస్తున్నరు. ఆ మట్టి మందు మన దాకా వచ్చింది ఇట్లనే. ఇది పిల్లలు పుట్టకుండ చేసే మందు కాదు తమ్మీ. ప్రపంచంల కోట్ల మంది ఏండ్ల తరబడి మింగిన్రు, వాళ్ళకు పిల్లలు పుట్టిన్రు, ఆ పిల్లలు కూడా మింగుతున్నరు.

మరి మనకు ఎట్ల ఇచ్చిన్రు? మేం ఆశ్రమ పాఠశాలల చదివేటప్పటి సంగతి చెప్తం. పొద్దున ప్రార్థనల నిలబెట్టి, టిఫిన్ పెట్టకముందే మాత్రలు చేతుల్ల పోసిన్రు. ఖాళీ కడుపుతో మింగొద్దని ఎవ్వరూ చెప్పలేదు. ఎందుకు ఇస్తున్నరో చెప్పలేదు. ఇద్దరు వాంతులు చేసుకున్నరు, ఒక చెల్లె కండ్లు తిరిగి పడింది. పంచినోళ్ళు అప్పటికే పోయిన్రు. సాయంత్రానికి నాలుగు గూడేలకు వార్త పోయింది, రాత్రికి తల్లిదండ్రులు గేటు కాడున్నరు. మరుసటేడు మేమే మాత్రలు నాలుక కింద పెట్టుకుని, బోరింగ్ కాడ ఉమ్మేసినం. రిజిస్టర్ల మాత్రం అందరికీ టిక్కే. ఆ లెక్కల ప్రకారం మేమంతా మందు మింగినోళ్ళమే.

ఆ తప్పు మాది కూడా అని ఇయ్యాల ఒప్పుకుంటున్నం. మేం ఉమ్మేసిన మాత్ర మాకొక్కరికే నష్టం కాదు. పక్క మంచం మీద పడుకున్నోనికి దోమ మోసుకపోయేది మా రక్తంలోని పురుగునే. కాని ఆ తప్పు చేయించింది ఎవరు? పొద్దుటి పూట ఒక్క పది నిమిషాలు మా భాషల చెప్పి ఉంటే, అన్నం పెట్టి ఇచ్చి ఉంటే, సాయంత్రం దాకా ఒక్క నర్సమ్మ ఉండి ఉంటే, మేం ఉమ్మేసేటోళ్ళమా?

అందుకే ఉత్త కోపం కాదు, అడిగేవి అడుగుతున్నం.

ఒకటి. మాత్రలు రావడానికి ముందు గూడెంల కూర్చోబెట్టి గోండిల, కోయల, కొలామిల, బంజారాల, ఎవరి భాషల వాళ్ళకు చెప్పాలె. జ్వరం ఎందుకొస్తదో, ఎవరు మింగొద్దో ముందే చెప్పాలె.

రెండు. అన్నం తిన్నంక, కండ్లముందు మింగించాలె. చేతుల పోసి పోవుడు పంపిణీ అయితదేమో గాని వైద్యం కాదు. పంచిన రోజు, మరుసటి రోజు నర్సు ఊళ్ళనే ఉండాలె.

మూడు. పంచే మనిషిని గ్రామసభ ఎన్నుకోవాలె. ఇది మేం కొత్తగా అడిగే వరం కాదు. 1996 పెసా చట్టమే సామాజిక రంగాల్ల పనిచేసే సంస్థల మీద, ఉద్యోగుల మీద అజమాయిషీ గ్రామసభకు, పంచాయతీకి ఉండాలన్నది.

నాలుగు. ఆ మనిషికి కూలి ఇయ్యాలె. ఆఫ్రికాలో ఊరి మనుషులతోటి ఏండ్ల తరబడి ఉత్తగ పని చేయించుకున్నరు, చాలామంది మధ్యల మానేసిన్రు. ఊరి చేతికి ఇచ్చుడంటే వెట్టి చేయించుడు కాదు. మన ఆశా అక్కలకు కూడా ఇదే మాట వర్తిస్తది.

ఐదు. ఇప్పటికే కాలు వాచినోళ్ళకు మాత్ర ఒక్కటే సరిపోదు. రోజూ సబ్బుతోటి కాలు కడిగి, ఆరబెట్టి, పుండ్లకు మందు రాసే సామాను, నేర్పే మనిషి కావాలె. బుడ్డ దిగిన మగవాళ్ళకు ఆపరేషన్ కావాలె. సిగ్గుతోటి ఇంట్ల దాక్కున్న తాతలు ప్రతి మండలంల ఉన్నరు.

ఇవి అడుగుకుంటనే మనం చేసేది కూడా ఉంది. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఈ ముచ్చట మన భాషల నలుగురికి చెప్పాలె. వాట్సాప్‌ల వచ్చిన ఆడియో ముందుకు తోసే ముందు పీహెచ్‌సీల ఒక్కసారి అడగాలె. పశువుల మందు దుకాణంల ఐవర్‌మెక్టిన్ దొరుకుతది గదా అని కొనుక్కొచ్చి మనుషులకు పోయొద్దు. కరోనా టైమ్‌ల దేశదేశాల్ల అట్ల చేసి ఆసుపత్రుల పాలైన్రు. మాత్ర వచ్చినప్పుడు ప్రశ్నలు అడిగి, జవాబు విని, అప్పుడు మింగాలె. అడగకుండ మింగుడూ వద్దు, అడగకుండ ఉమ్మేసుడూ వద్దు.

అన్నా, ఇంకోసారి "మనోళ్ళు మింగరు" అని రాసే ముందు, ఎవరు ఎట్ల ఇచ్చిన్రో అడుగు. తమ్మీ, ఇంకోసారి "కుట్ర" అని రాసే ముందు, బోదకాలుతోటి ఇరవై ఏండ్లు గడప దాటని మన నానమ్మను అడుగు. మన గూడెం మీద నిజంగా కుట్ర ఉందంటే అది మాత్రల లేదు. బంగారానికి, బొగ్గుకు వేసే రోడ్డు, వైద్యానికి వచ్చేసరికి వాగు ఇవతలే ఆగిపోతది చూడు, అక్కడుంది.

మీ ఊళ్ళ మాత్రలు ఎట్ల పంచిన్రో, ఎవరు పంచిన్రో, అన్నం తిన్నంకనా ముందా, కింద రాయండి. ఊరు, మండలం రాయండి, ఎవరి రోగం గురించి మాత్రం పేర్లు రాయొద్దు. అన్నీ జమ చేసి ఈసారి గ్రామసభల చదువుదాం.

జై జోహార్.